చీలమండకు ఎంత స్ప్రింగు కావాలి

మన కుటుంబంలో మంచు మీద జారే ఆట పట్టుకున్నవాళ్లం మేమిద్దరమే, అన్నా తమ్ముడూ. డెన్వర్ వచ్చి పద్దెనిమిదేళ్లయింది. అందులో పన్నెండు చలికాలాలు స్నోబోర్డు మీదే గడిచాయి. పోయిన దీపావళికి కోయంబత్తూరు వచ్చినప్పుడు ఫోన్లో ఫోటోలు చూపిస్తే అందరి కళ్లూ బూట్ల మీదే పడ్డాయి. "ఇవేందిరా, ఇనప బూట్లా?" అన్నారు చిన్నాయన. వాటి వెనకవైపు స్ప్రింగులెందుకని పిల్లలు అడిగారు. నాయనకు తప్ప ఇంకెవరికీ అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాం. కొంచెం లెక్క, కొంచెం కాలినొప్పి, కొంచెం మన గణపతి పట్టరై కలిసిన కథ అది. కూర్చుని రాస్తే గాని కుదరదు.

మామూలుగా మీరు టీవీలో చూసే స్నోబోర్డు వాళ్లు మెత్తటి బూట్లు వేసుకుంటారు. పాదాలు బోర్డుకు దాదాపు అడ్డంగా ఉంటాయి. గాల్లోకి ఎగిరి తిరగడానికి అవి బాగుంటాయి. మాది వేరే శాఖ, ఆల్పైన్ అంటారు. మా బోర్డు సన్నం, నడుము దగ్గర 18 నుంచి 20 సెంటీమీటర్లు. మెత్తటి బూట్ల బోర్డు 25 దాకా ఉంటుంది. సన్నటి బోర్డు మీద పాదం అడ్డంగా పెడితే వేళ్లూ మడమా బయటికి పొడుచుకొచ్చి, బోర్డు వాలగానే మంచుకు తగిలి పడేస్తాయి. అందుకని రెండు పాదాలనూ ముందుకు తిప్పి 55, 60 డిగ్రీల కోణంలో పెడతాం. బూటు గట్టి ప్లాస్టిక్కు చిప్ప, చూడ్డానికి స్కీ బూటుకు తమ్ముడిలా ఉంటుంది. దాన్ని బోర్డు మీది ప్లేటుకు ముందూ వెనకా లోహపు కమ్మీలతో పట్టిస్తాం.

ఒలింపిక్స్‌లో స్నోబోర్డు మొదలైంది 1998లో, నగానోలో. 2002 నుంచి ఇద్దరిద్దరు పక్కపక్కనే దిగే ప్యారలల్ జెయింట్ స్లాలమ్ పోటీ ఉంది. చెక్ దేశపు ఎస్టర్ లెడెట్స్కా 2018లో ఆ పోటీలోనూ, అదే ఒలింపిక్స్‌లో స్కీల మీద సూపర్-జీలోనూ బంగారు పతకాలు గెలిచింది. ఆ పోటీలో వాళ్లు తొడిగేది ఈ గట్టి బూట్లే. మేం పోటీల జోలికి పోం. మాకు కావలసింది కార్వింగ్. అంటే బోర్డును పూర్తిగా అంచు మీద నిలబెట్టి, ఎక్కడా అడ్డంగా జారనివ్వకుండా, మంచులో పెన్సిలు గీతంత సన్నటి గాడి కోస్తూ మలుపు తీసుకోవడం. బాగా కుదిరిన రోజున చెయ్యి మంచుకు తాకుతుంది.

అంతగా వాలినప్పుడు కాళ్ల మీద ఎంత బరువు పడుతుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. నిలువు నుంచి 45 డిగ్రీలు వాలి మలుపు తిరిగితే కాళ్లు మోసేది సొంత బరువుకు 1.4 రెట్లు. 60 డిగ్రీలు వాలితే సరిగ్గా రెట్టింపు. 70 కిలోల మనిషి ఆ కొన్ని క్షణాలు 140 కిలోల మనిషి. గట్టి బూటు వచ్చింది ఈ బరువు కోసమే. మెత్తటి బూటులో చీలమండ ఆ బరువుకు నలిగిపోయి అంచు పట్టు వదిలేస్తుంది.

గట్టిది కావాలి సరే, పూర్తిగా రాయిలా ఉంటే? అప్పుడు ఇంకో చిక్కు. మంచు ఎప్పుడూ సాపుగా ఉండదు. ప్రతి చిన్న గడ్డా బోర్డును పైకి తంతుంది. చీలమండ కదలకపోతే ఆ తన్ను నేరుగా మోకాలికి ఎక్కుతుంది, అక్కణ్ణించి నడుముకు. పైగా మలుపు మొదలయ్యేటప్పుడు బరువు బోర్డు ముక్కు వైపు ఉండాలి, ముగిసేటప్పుడు తోక వైపు రావాలి. ముందు కాలి షిన్‌తో, అంటే మోకాలి కింద ముందుభాగంతో, బూటు నాలుకను నొక్కితే బరువు ముందుకు పోతుంది. బూటు కొంచెం వంగితేనే ఆ నొక్కుడు కొలిచి నొక్కగలం. వంగని బూటులో నొక్కితే ఉంది, లేకపోతే లేదు. లైటు స్విచ్చికీ ఫ్యాను రెగ్యులేటరుకూ ఉండే తేడా అది.

ఇదంతా మాకు ముఖ్యమైన ప్రశ్న అయింది పెద్దవాడి ఎడమ కాలి వల్ల. అతని కాలేజీ రోజుల్లో అవినాశి రోడ్డు మీద స్కూటరు పడి చీలమండ విరిగిన సంగతి మన ఇంట్లో అందరికీ తెలుసు. ప్లేటూ స్క్రూలూ వేశారు. నడకకు లోటు రాలేదు గాని ఆ కాలు ముందుకు వంగడం తగ్గింది. దీన్ని ఇంట్లోనే కొలవొచ్చు. గోడకెదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలు గోడకు తాకించాలి. బొటనవేలు గోడకు ఎంత దూరంలో ఉన్నంతవరకు తాకించగలమో అదే కొలత. పెద్దవాడికి కుడి కాలు 10 సెంటీమీటర్లు, ఎడమది 6. ఆ భంగిమలో షిన్ ఎంత వాలిందో ఫోను పెట్టి చూస్తే కుడి 38 డిగ్రీలు, ఎడమ 24. మేం బోర్డు మీద ఎడమ కాలు ముందు పెట్టి నిలబడతాం. మలుపు మొదలుపెట్టేది, నాలుకను నొక్కేది ఆ కాలే.

మూడేళ్ల కిందట ఆ కాలు మొరాయించింది. రెండు గంటలు దిగేసరికి చీలమండ ముందుభాగంలో ఎముకకు ఎముక తగిలినట్టు పోటు. ఫిజియోథెరపిస్టు చూసి, ఈ కీలు సాగదీస్తే సాగేది కాదు, ఎముక దగ్గరే ఆగుతోంది అని చెప్పింది. ఉన్న వంపును వాడుకోండి, చివరిదాకా తీసుకెళ్లి కొట్టుకోనివ్వొద్దు అంది. అమ్మ అయితే ఫోన్లో ఒకే మాట: "యాభై దగ్గరికొచ్చినారు, ఇంక చాలదా?" మానేస్తే పోయేది ఒక ఆట మాత్రమే అనిపించొచ్చు. అయితే ఇద్దరం వేరు వేరు ఊళ్లలో ఉద్యోగాలు చేసుకుంటూ, శనివారం తెల్లవారుజామున ఒకే కారులో కొండకు పోయే ఆ రెండు గంటలే మేం తెలుగులో తీరిగ్గా మాట్లాడుకునే సమయం. ఇళ్లల్లో పిల్లలు ఇంగ్లీషు, ఆఫీసులో అందరూ ఇంగ్లీషు. ఆ కారు ప్రయాణం పోతుందనేదే మా ఇద్దరి భయం.

అందుకని బూటు మీద పడ్డాం. గట్టి బూటులో మార్చగలిగినవి చాలానే ఉన్నాయి. లోపలి లైనరు వేడిచేసి కాలి అచ్చుకు తెచ్చుకోవచ్చు. పై బకిల్ ఒక గాటు వదిలితే పైభాగం మెత్తబడుతుంది. పవర్ స్ట్రాప్ అనే పట్టీ బిగించే తీరు బట్టి షిన్‌కూ నాలుకకూ మధ్య సందు మారుతుంది. ఆ సందు ఉంటే కాలు ముందు ఖాళీలో కదిలి, తర్వాత ఒక్కసారిగా గోడను గుద్దుకుంటుంది. బూటు పైభాగం పక్కలకు ఎంత వాలాలో స్క్రూలతో మార్చొచ్చు. బైండింగు ప్లేటు కింద ముందు కాలికి వేళ్ల వైపు, వెనక కాలికి మడమ వైపు ఎత్తు పెట్టుకోవచ్చు. ఇవన్నీ సరిచేసుకున్నాకే స్ప్రింగు జోలికి పోవాలి.

చలి సంగతి కూడా మరిచిపోకూడదు. మేం వెళ్లే లవ్‌లాండ్ కొండ ఐసెన్‌హోవర్ సొరంగం పక్కనే ఉంటుంది. అక్కడ కింది లిఫ్టు దగ్గరే 10,800 అడుగుల ఎత్తు. మన నీలగిరుల్లో దొడ్డబెట్ట శిఖరం 8,650 అడుగులే కదా. జనవరి ఉదయం మైనస్ 15 డిగ్రీలుంటే బూటు ప్లాస్టిక్కు బిర్రబిగుస్తుంది. పాలీయురెథేన్ రకం ఎక్కువ గట్టిపడుతుంది, పీబాక్స్ రకం తక్కువ. ఇంటి హాల్లో తొడుక్కుని వంచి చూసి "ఇది సరిపోయింది" అనుకున్న బూటు కొండ మీద వేరే బూటు. డబ్బాల మీద రాసే ఫ్లెక్స్ నంబర్లు కూడా ఒక కంపెనీవి ఇంకో కంపెనీతో పోల్చడానికి పనికిరావు. ఆ అంకెలకు అందరికీ ఒకే కొలబద్ద లేదు.

ఇప్పుడు స్ప్రింగు. బూటు వెనక, మడమకు పైన, పైభాగాన్నీ కింది చిప్పనూ కలుపుతూ ఒక కడ్డీ ఉంటుంది. చాలా బూట్లలో ఈ చోట మామూలు లాక్ ఉంటుంది. అయిదారు గాళ్లలో ఏదో ఒక దాంట్లో పెడితే కాలి వాలు అక్కడ నిలుస్తుంది, ఆపైన వంగేదంతా ప్లాస్టిక్కే. స్ప్రింగు రకంలో కడ్డీ మీద రెండు చుట్టల స్ప్రింగులుంటాయి. కాలు ముందుకు వంగితే వెనక దూరం పెరిగి, కడ్డీ పైకి లాగబడి ఒక స్ప్రింగు నలుగుతుంది. వెనక్కి ఆనుకుంటే రెండోది నలుగుతుంది. రెండింటికీ వేరువేరు నట్లు. నట్టు తిప్పితే స్ప్రింగు ముందే కొంత నలిగి కూర్చుంటుంది. దాన్ని ప్రీలోడ్ అంటారు.

మొదట పెట్టిన స్ప్రింగుతో కాలు ఎక్కువగా వంగి, చివర్లో అదే పోటు వచ్చింది. నట్టు బిగిస్తే వంగడం తగ్గింది గాని మలుపు మొదట్లో బూటు మొండికేసింది. ఒక ఆదివారం వీడియో కాల్లో నాయనకు ఇదంతా చూపించాం. నాయన ముప్పై నాలుగేళ్లు కోయంబత్తూరు స్పిన్నింగు మిల్లులో ఫిట్టరు. రింగు ఫ్రేములో దూదిని లాగే రోలర్ల మీద టాప్ ఆర్మ్ ఉంటుంది, దానిలోని స్ప్రింగులే పై రోలర్లను కింది రోలర్ల మీద నొక్కి పెడతాయి. ఒత్తిడి తక్కువైతే దూది జారి నూలు సన్నం లావు అవుతుంది. ఎక్కువైతే రోలరు మీది రబ్బరు తొందరగా అరుగుతుంది. ఆయన జీవితమంతా ఆ రెండింటి మధ్య చోటు వెతకడమే. మేం ఎంత బిగించామో చెప్పుకుపోతుంటే ఆపి, "అది సరేరా, ఎంత దూరం నడుస్తుంది అది?" అన్నారు. ఎంత బలంగా తోస్తుందన్నది తర్వాత చూడొచ్చు, ముందు ఎన్ని మిల్లీమీటర్లు కదులుతోందో కొలవమన్నారు.

కొలవడానికి ఒక సన్నటి రబ్బరు రింగు చాలింది. కడ్డీ బయటికి కనబడే చోట తొడిగితే, కడ్డీ ఎంత జరిగిందో అంతవరకు రింగును నెట్టి వదిలేస్తుంది. కొండల్లో సైకిలు తొక్కేవాళ్లు షాకబ్జార్బరు మీద చేసే పనే ఇది. అలా చూస్తే గట్టి మలుపుల్లో 16 మిల్లీమీటర్లు నడుస్తోంది. మా బూటులో కీలు నుంచి కడ్డీకి 7 సెంటీమీటర్ల దూరం. ఆ లెక్కన ఒక డిగ్రీ వంపుకు సుమారు 1.2 మిల్లీమీటర్లు. అంటే కాలు 13 డిగ్రీలు వంగుతోంది.

ఇక కాలి ఖాతా. ఎడమ కాలికి మొత్తం ఉన్నది 24 డిగ్రీలు. బూటు తొడిగి ఊరికే నిలబడితేనే దాని వాలుకు 15 ఖర్చవుతున్నాయి. మిగిలింది 9. మలుపులో అడుగుతున్నది 13. పోటు ఎందుకొచ్చిందో అంకెలే చెప్పాయి. ముందు ఖర్చు తగ్గించాం. వెనక వాలును ఒక గాడి నిటారు చేస్తే 3 డిగ్రీలు మిగిలాయి. బూటు లోపల మడమ కింద 6 మిల్లీమీటర్ల ముక్క పెడితే ఇంకో 2. ప్లేటు కింద వేళ్ల వైపున్న ఎత్తును 6 డిగ్రీల నుంచి 3కి దించాం. దానివల్ల శరీరం ముందుకు రావడానికి చీలమండను అంతగా అడగనక్కర్లేదు. ఇప్పుడు చేతిలో 14 డిగ్రీలు. ఎముక దాకా పోకుండా 3 పక్కన పెడితే ఖర్చుపెట్టగలిగేది 11, అంటే సుమారు 13 మిల్లీమీటర్లు. స్ప్రింగు నడక అంతకు లోపలే ఆగాలి.

ఆపడానికి రెండు దారులు. మా స్ప్రింగు ఒక మిల్లీమీటరు నలగడానికి 6 కిలోలు తీసుకుంటుంది. 16 మిల్లీమీటర్లకు 96 కిలోల ఒత్తిడి. అదే స్ప్రింగుకు 5 మిల్లీమీటర్ల ప్రీలోడ్ ఇస్తే, అదే 96 కిలోల దగ్గర నడక 11 మిల్లీమీటర్లకు ఆగుతుంది. రెండో దారి, మిల్లీమీటరుకు 8 కిలోలు తీసుకునే స్ప్రింగు వేసి, కటకటలాడకుండా ఒక్క మిల్లీమీటరు ప్రీలోడ్ ఇవ్వడం. 96ను 8తో భాగిస్తే 12, అందులో ప్రీలోడ్ ఒకటి పోతే ఇదీ 11 మిల్లీమీటర్ల దగ్గరే ఆగుతుంది. కాగితం మీద చివర రెండూ ఒకటే. మొదలు చూడండి. మొదటి దారిలో బూటు కదలడానికే స్ప్రింగు మీద 30 కిలోలు పడాలి. రెండో దారిలో 8 చాలు. మొదటిది తుప్పు పట్టిన తలుపు, బలంగా తోస్తే ఒక్కసారి వదులుతుంది. రెండోది వేలితో తోసినా కదులుతుంది, పోనుపోను బరువెక్కుతుంది. నట్టు బిగిస్తే స్ప్రింగు గట్టిపడిందని చాలామంది అంటారు. గట్టిదనం తీగలో, చుట్టలో ఉంటుంది. నట్టు మార్చేది ఎక్కడ మొదలవాలన్నదే.

గట్టి స్ప్రింగు కోసం నాయన పాత స్నేహితుల పట్టరైకి వెళ్లారు, గణపతి వైపు. చుట్టల స్ప్రింగు గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 4 మిల్లీమీటర్ల తీగను 4.3 చేస్తే చాలు, మూడో వంతు గట్టిపడుతుంది. చుట్లు తగ్గితే గట్టి, చుట్ట వెడల్పు పెరిగితే మెత్తన. ఇవన్నీ ఆయనకు నోటి లెక్కలు. "మంచు నీళ్లు తగుల్తాయా?" అని అడిగి, స్టెయిన్‌లెస్ తీగ తీసుకున్నారు. స్టెయిన్‌లెస్సు మామూలు స్ప్రింగు ఉక్కు కన్నా పదో వంతు పైచిలుకు మెత్తన. దాన్ని సరిచేయడానికి అర చుట్టు తగ్గించారు. చుట్టిన తర్వాత కొలిమిలో వేడి పట్టించి లోపలి బిగువు తీయించారు, రెండు కొసలూ సాన పట్టించి చదును చేయించారు. కొసలు వంకరగా ఉంటే స్ప్రింగు పక్కకు ఒరిగి కడ్డీని గీరుతుంది. ఒక జత కావాలంటే నాలుగు చుట్టించి, పిన్నమ్మ కూతురు వచ్చేటప్పుడు చేతికిచ్చి పంపారు. చీటీ మీద తెలుగులో, వాళ్ల మిల్లు చేతిరాతలో, ఒక్కో స్ప్రింగు కొలత రాసి ఉంది. నాలుగింటిలో ఒకటి మిగతావాటి కన్నా కొంచెం మెత్తనని కూడా రాశారు.

కొండ మీద సరిచేసుకోవడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఒకసారికి ఒకటే మార్పు. ఒకే వాలు, యంత్రం దువ్విన మంచు, ఒకే ఉదయపు వేళ. మధ్యాహ్నానికి మంచు మెత్తబడితే కొలతలకు అర్థం ఉండదు. ప్రతి మూడు దిగుళ్లకు ఒకసారి రింగు ఎక్కడుందో చూసి నోటుబుక్కులో రాశాం. మొదట రింగు 12 దగ్గర ఆగింది. లెక్కకు మిల్లీమీటరు ఎక్కువే, హద్దుకు లోపలే. చిన్నవాడు వెనక దిగుతూ గమనించింది వేరే: పెద్దవాడి మలుపు గీత మొదట్లో ఉండే చెదురు పోయి, తొలి అడుగు నుంచీ సన్నగా వస్తోంది.

కుడి బూటుకు ఇవేవీ అక్కర్లేదు. ఆ కాలు బాగా వంగుతుంది, దానికి పాత మెత్తటి స్ప్రింగే ఉంచాం. రెండు బూట్లూ ఒకేలా ఉండాలనే నియమం ఏమీ లేదు. ముందు కాలికీ వెనక కాలికీ పని వేరు, ఇక్కడ కాళ్లూ వేరే.

అయిపోయిన మాటలేవీ కావు ఇవి. పోయిన చలికాలం పెద్దవాడు చాలా శనివారాలు మధ్యాహ్నం దాకా దిగాడు. నొప్పి లేని రోజులే ఎక్కువ. మంచు గాజులా గడ్డకట్టిన ఉదయాల్లో ఇంకా పోటు వస్తుంది, అప్పుడు పదకొండుకే ఆపేస్తాం. ఒకప్పుడు వాలినంత ఇప్పుడు వాలడు. చెయ్యి మంచుకు తాకే మలుపులు చిన్నవాడివే. దానికి స్ప్రింగు ఏమీ చేయలేదు, చేయాలని మేమూ అడగడం లేదు.

ఈ డిసెంబరులో చిన్నాయన మనవడు చదువుకని ఇక్కడికి వస్తున్నాడు, వాడికీ నేర్పమని కబురొచ్చింది. నేర్పుతాం. వాడికి ముందే చెప్పవలసినవి ఇవి: బూటు కొనకు, మొదటి ఏడాది మా పాతవి తొడుక్కో. ఇంట్లోనే గోడ దగ్గర రెండు కాళ్లూ కొలిచి అంకెలు పంపు. మందపాటి మేజోళ్లు రెండు జతలు వేసుకోవద్దు, సన్నటిది ఒక్కటే, లేకపోతే బకిల్ ఎంత బిగించినా కాలు లోపల కదులుతుంది. నాయన పంపినవాటిలో ఆ నాలుగో స్ప్రింగు, చీటీలో మెత్తనని రాసినది, ఇంకా డబ్బాలోనే ఉంది. దాన్ని వాడి ముందు కాలికి పెట్టి, ప్రీలోడ్ ఒక మిల్లీమీటరుతో మొదలుపెడదామని అనుకుంటున్నాం.